మార్లవాయిలో రెండు సమాధులు: హైమన్‌డార్ఫ్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

ఎమ్మే_ఫైనల్
అందరికీ నమస్తే. పోయిన నెల ఫ్రెండ్ వాళ్ళక్క పెళ్ళికి ఉట్నూరు వెళ్ళా. మర్నాడు జోడేఘాట్ చూద్దామని బండి మీద బయల్దేరి, దారిలో జైనూర్ మండలం మార్లవాయిలో ఆగాం. ఊళ్ళో పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్ అనే ఆవిడది, రెండోది హైమన్‌డార్ఫ్‌ది. గోండుల ఊళ్ళో ఈ తెల్లవాళ్ళ సమాధులేంటని అడిగితే అక్కడ కూర్చున్న ఓ పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి "పెద్ద సదువు సదువుతున్నవంట, మా హైమన్‌డార్ఫ్ ఎవరో తెల్వదా" అన్నాడు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది, ఎందుకంటే నేను చదివేది ఆంత్రోపాలజీయే. మా సిలబస్‌లో ఆయన పేరుంది, పక్కన మూడు పుస్తకాల పేర్లున్నాయి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అంతవరకే తెలుసు.

ఆయన అసలు ఎక్కడివాడు, ఇక్కడికెలా వచ్చాడు, వచ్చి ఏం చేశాడు? చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకోటి, వచ్చే ఏడాది పీహెచ్‌డీకి పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నా. ఓ ఆంత్రోపాలజిస్టు బతుకంటే ఎలా ఉంటుందో ఒకడి కథైనా పూర్తిగా వింటే నాకో దారి దొరుకుతుందేమోనని.

ఉట్నూరు_బస్సు
రెండు మార్కులా! మా వైపు ఆయన పేరు చెప్తే ఇప్పటికీ కుర్చీ వేస్తారు తమ్మీ.

పాత_పుస్తకం
మంచి టాపిక్ తెచ్చావు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టాడు, కులీన కుటుంబం. వియన్నా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదివాడు, అక్కడ ఆయన మీద హైనే గెల్డెర్న్ అనే ప్రొఫెసర్ ప్రభావం ఎక్కువ. డాక్టరేట్ థీసిస్ అస్సాం కొండల్లోనూ వాయవ్య బర్మాలోనూ ఉండే తెగల సమాజం మీద. తమాషా ఏంటంటే అప్పటికి ఆయన ఆ కొండలు కళ్ళతో చూడలేదు. మొత్తం లైబ్రరీలో కూర్చుని రాసిందే. అప్పటి వియన్నా పద్ధతి అది, ఏ వస్తువు ఏ దేశం నుంచి ఏ దేశానికి పాకిందో పుస్తకాలు ముందేసుకుని తేల్చడం.

తర్వాత రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ వచ్చి 1935లో లండన్ వెళ్ళాడు. అక్కడ మలినౌస్కీ సెమినార్. మలినౌస్కీ సంగతి నీకు తెలిసే ఉంటుంది, వరండాలో కూర్చుని రాసే ఆంత్రోపాలజీ చాలు, పోయి ఊళ్ళో ఉండు, వాళ్ళ భాష నేర్చుకో, వాళ్ళతో పాటు విసుగు పడు అన్నవాడు. ఆ గాలి తగిలాక ఈయన 1936లో నాగా కొండలకొచ్చాడు. కోన్యాక్ నాగాల మధ్య, వాక్‌చింగ్ అనే ఊళ్ళో మకాం. మొదట దుబాసీ పెట్టుకున్నా క్రమంగా వాళ్ళ మాట నేర్చుకున్నాడు. 1939లో దాని మీద పుస్తకం వచ్చింది, ఆంత్రోపాలజీతో సంబంధం లేనివాళ్ళు కూడా చదివిన పుస్తకం.

1938లో బెట్టీ బర్నార్డో అనే ఇంగ్లీషు ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. 1939లో ఇద్దరూ కలిసి మళ్ళీ ఇండియా వచ్చారు. ఆయన ధ్యాసంతా నాగా కొండల మీదే. ఇంతలో యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాని అంతకుముందు ఏడాదే జర్మనీ కలిపేసుకుంది కాబట్టి ఈయన జేబులో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు! అరెస్టు చేశారు. చాలా మర్యాదగా, సారీ చెప్పుకుంటూ అరెస్టు చేశారని తర్వాత ఆయనే అన్నాడు. చివరికి హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్ళకూడదనే షరతు మీద వదిలారు.

అదీ అసలు మలుపు. నాగాల దగ్గరికి పోవాల్సినవాడు మన చెంచుల దగ్గరికీ కొండరెడ్ల దగ్గరికీ గోండుల దగ్గరికీ వచ్చిందంటే ఆ పాస్‌పోర్టు వల్లే.

నల్లమల_పిల్ల
చెంచుల సంగతి నేను చెప్తా, మా అమ్మమ్మ వాళ్ళది అమ్రాబాద్ వైపు.

1940లో ఆయన ముందు వచ్చింది మా నల్లమలకే. అప్పుడు చెంచులు పెంటల్లో ఉండేవాళ్ళు. పెంటంటే నాలుగైదు గుడిసెల గూడెం, కాలాన్ని బట్టి మారుతుంటుంది. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, పండ్లు, వేట. తేనెకి కొండ కొమ్మునుంచి తాడేసుకుని దిగుతారు, పైన తాడు పట్టుకునే మనిషి మీద నమ్మకం ఉండాలి. ఆ తాడు పట్టుకునేవాడు ఎవరవుతాడో కనుక్కుంటే ఆ ఇంటి చుట్టరికాలు సగం తెలిసిపోయినట్టే. ఇది నేను చిన్నప్పుడు విన్న మాట, పుస్తకంలోది కాదు.

1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది, హైదరాబాద్ ఆదివాసుల వరుసలో మొదటిది. నేను డిగ్రీలో ఉండగా అందులో ఫోటోలు చూసి ఒక రాత్రంతా నిద్ర పోలేదు. అందులో ఉన్న అడవి నాకు తెలుసు. ఆ మనుషులే లేరు. ఇప్పుడక్కడ టైగర్ రిజర్వ్. పెంటలు ఖాళీ చేయించే మాట ఏడాదికోసారి లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది.

గోదారి_గట్టు
రెండోది మా వైపుది. 1945లో వచ్చింది, పాపికొండల కొండరెడ్ల మీద. ఇంగ్లీషు పేరులో పాపికొండల్ని అడవిదున్నల కొండలనే అర్థంతో పిలిచాడు.

అందులో పోడు గురించి చదివి తీరాలి. చెట్లు కొట్టి, ఎండనిచ్చి, కాల్చి, బూడిదలో గింజలు నాటి, రెండు మూడేళ్ళకి ఆ చెక్క వదిలేసి ఇంకోచోటికి. ఇది అడవిని నాశనం చేయడం అని ఫారెస్టు వాళ్ళు అంటే, కాదు దీనికో లెక్కుంది, వదిలేసిన చోట మళ్ళీ అడవి లేస్తుంది అని చూపించాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, వెదురు కలప కాంట్రాక్టర్లు కొండరెడ్లని అప్పుల్లో ఎలా కట్టేశారో రాశాడు. ఉప్పు, బట్ట, పొగాకు ఇచ్చి ఖాతాలో రాసుకోవడం, ఎంత కొట్టినా ఆ ఖాతా తీరకపోవడం.

ఇప్పుడు ఆ గోదారి ఒడ్డు ఊళ్ళు చాలావరకు పోలవరం ముంపులోకి పోయాయి, పోతున్నాయి. లాంచీలో టూరిస్టులు ఫోటోలు తీసుకుంటుంటే నాకు ఆ పుస్తకమే గుర్తొస్తుంది. ఊరు లేదు, ఊరి మీద రాసిన పుస్తకం లండన్ లైబ్రరీలో భద్రంగా ఉంది. మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలీదు.

అడ్డంగా_అడుగుతా
అందరూ హారతి పడుతున్నారు కాబట్టి నేను కొబ్బరికాయ కొట్టను, క్షమించండి.

ఒక్క ప్రశ్న. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంని కాల్చి చంపింది ఎవరు? నిజాం పోలీసులు. ఆ తర్వాత ఈయనకి జీతమిచ్చింది ఎవరు? అదే నిజాం సర్కారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కుని చెప్పు, మళ్ళీ తిరగబడకుండా చూద్దాం అని పంపిస్తే వచ్చినవాడు. దాన్ని సేవ అంటారా?

ఇక నాగా కొండల్లో ఏం చేశాడో కూడా చెప్పండి. 1936 నవంబరులో డిప్యూటీ కమిషనర్ మిల్స్ పాంగ్షా ఊరి మీదికి సిపాయిల్ని తీసుకుపోతే ఈయన కూడా వెంట వెళ్ళాడు. అక్కడ దొరికిన, నరికి దాచిన మనిషి తలల్ని వాక్‌చింగ్‌కి పట్టుకొచ్చి ఇస్తే వాళ్ళు దానికి పండగ చేసుకున్నారు, ఈయన ఆ పండగ చూసి నోట్సు రాసుకున్నాడు. ఇప్పుడు ఏ యూనివర్సిటీలోనైనా ఇలా చేస్తే ఎథిక్స్ కమిటీ ఊరుకుంటుందా?

పాత_పుస్తకం
పాంగ్షా సంగతి నిజమే, ఆయన దాచలేదు కూడా, తన పుస్తకంలో రాసుకున్నాడు. దాన్ని నేను వెనకేసుకు రాను. ఇరవయ్యేడేళ్ళ కుర్రాడు, తెల్లదొర దండుతో పోతున్నాననే సరదా ఆ పేజీల్లో కనపడుతుంది, చదువుతుంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది.

కానీ హైదరాబాద్ విషయంలో నీ ప్రశ్న సగమే. సర్కారు పంపించింది, ఒప్పుకున్నా. పంపించిన వాళ్ళకి ఆయన ఏం చెప్పాడు? గోండులు చెడ్డవాళ్ళు, ఎవడో రెచ్చగొట్టాడు అని రాసిస్తే సర్కారుకి హాయిగా ఉండేది. ఆయన రాసింది వేరు. భూమి పోవడమే కారణం అన్నాడు. తరతరాలుగా దున్నుతున్న భూమికి కాగితం లేదు, అడవి రిజర్వు చేశామని ఫారెస్టు వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు లేపేశారు, రోడ్లు పడ్డాక బయటినుంచి వచ్చినవాళ్ళు పట్వారీ చేయి తడిపి పట్టాలు రాయించుకున్నారు, గోండు తన చేలోనే కౌలుదారయ్యాడు. ఈ రిపోర్టులన్నీ కలిపి 1945లో సర్కారే అచ్చేసింది. తన మీద తానే ఛార్జిషీటు అచ్చేసుకున్నట్టు!

అప్పుడు నిజాం కౌన్సిల్లో రెవెన్యూ, పోలీసు చూసే గ్రిగ్సన్ అనే దొర ఉన్నాడు. ఆయన బస్తర్ మాడియా గోండుల మీద పుస్తకం రాసిన మనిషి. ఆ కుర్చీలో ఆయన కాకుండా ఇంకెవరైనా ఉంటే ఈ రిపోర్టులు అటక ఎక్కేవి.

అడ్డంగా_అడుగుతా
సరే, రిపోర్టు రాశాడు. రిపోర్టులు చాలామంది రాస్తారు. భూమి ఇచ్చారా లేదా?

రిటైర్డ్_మాస్టారు
నేను చెప్తాను బాబూ. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇరవయ్యారేళ్ళు బడిపంతులుగా చేశాను, ఉట్నూరు చుట్టుపక్కలే.

ఇచ్చారు. దీన్ని లావణి పట్టా అంటారు ఆ వైపు. సర్కారు భూమిని సాగు చేసుకుంటున్న గోండుకీ, పక్క తెగ కోలాంకీ డబ్బు తీసుకోకుండా పట్టా రాసివ్వడం. 1940ల్లో ఒక్క ఆదిలాబాద్ జిల్లాలోనే లక్ష ఎకరాలకి పైన వేల కుటుంబాలకి అలా దక్కింది. హైమన్‌డార్ఫ్ 1945 నుంచి నిజాం సర్కారుకి ఆదివాసుల సలహాదారు, అదే సమయంలో ఉస్మానియాలో ఆంత్రోపాలజీ ప్రొఫెసరు. ఆ పట్టాల పని ఊరూరా తిరిగి చేసింది మాత్రం ఆయనొక్కడే కాదు, సేతుమాధవరావు పగడీ గారని ఒక అధికారి ఉండేవారు, మరాఠీలో పెద్ద చరిత్రకారుడు, గోండి భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి. ఆయన పేరు ఎవరూ తలవరు, అందుకే రాస్తున్నాను.

నా పాత విద్యార్థి ఒకడి ఇంట్లో అలాంటి కాగితం చూశాను. ఉర్దూలో ఉంది. నాలుగు మడతల మీద చిరిగి, వెనక గుడ్డ అంటించి ఉంది. వాళ్ళింట్లో ఎవరికీ ఉర్దూ రాదు, అందులో ఏముందో అక్షరం చదవలేరు, కానీ వర్షాకాలం రాగానే దాన్ని సజ్జ మీదనుంచి తీసి ప్లాస్టిక్ సంచీలో పెట్టి దూలానికి కడతారు. కుర్రాడి ముత్తాత పేరు మీది పట్టా. ఒక ఆఫీసులో, పేరెందుకులెండి, దాన్ని చూపిస్తే "ఇది చెల్లదు, కంప్యూటర్లో లేదు" అన్నారట. మూడేళ్ళు తిరిగాడు. చివరికి ఆ భూమిలో కొంతే మిగిలింది వాళ్ళకి.

ఆయన బళ్ళు పెట్టించిన సంగతి కూడా చెప్పాలి. 1943లో మార్లవాయిలోనే గోండు టీచర్లకి ట్రైనింగ్ సెంటర్ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. బయటి పంతుల్ని తెచ్చి పెట్టకుండా గోండు కుర్రాళ్ళనే పంతుళ్ళని చేయడం అనేది అప్పటికి చాలా కొత్త ఆలోచన.

దాని విలువ నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. మొదటి ఏడాది ఒకటో తరగతిలో కుండ బొమ్మ చూపించి నీళ్ళు అని చెప్పిస్తున్నాను. ఒక పిల్ల నోరు తెరవదు. దెబ్బ వేద్దామనుకున్నా కూడా, అప్పటి పద్ధతి అది. వెనకనుంచి వాళ్ళన్న "యేర్, సార్, యేర్" అన్నాడు. గోండిలో నీళ్ళని యేర్ అంటారు. మన ఏరే కదా అది! ఎన్ని తరాల కిందటో విడిపోయిన అక్కచెల్లెళ్ళ భాషలు, నేను దాన్ని పక్కన పెట్టి ఆ పిల్లకి బుద్ధి లేదనుకుంటున్నాను. ఆ రోజునుంచి నేను గోండి లెక్క నేర్చుకున్నాను, ఉందీ, రండ్, ముంద్, నాలుంగ్, సైయుంగ్... వాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు, నవ్వుతూ నాకు నేర్పేవాళ్ళు. నా బీఈడీలో ఇది ఎవరూ చెప్పలేదు.

ఎమ్మే_ఫైనల్
మాస్టారూ, ఈ లెక్కే వాళ్ళ సగాల్లో, అంటే వంశాల గుంపుల్లో, కూడా ఉంది కదా? నాల్వెన్, సివెన్, సార్వెన్, యెర్వెన్, అంటే నలుగురు దేవుళ్ళ వాళ్ళు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. మేం దీన్ని బట్టీ పట్టాం, అంకెల మీదనుంచి వచ్చిందని ఇప్పుడే వెలిగింది.

రిటైర్డ్_మాస్టారు
అదే. ఒకే సగా వాళ్ళు అన్నదమ్ముల లెక్క, పెళ్ళి కుదరదు. కొత్తగా ఇద్దరు గోండులు కలిస్తే పేరు తర్వాత అడిగేది అదే.

అడ్డంగా_అడుగుతా
మాస్టారి పోస్టు చదివాక కొంచెం తగ్గాను. అయినా నాకున్న చిరాకు పోలేదు. ఆదివాసులకి ఏం కావాలో ఒక వియన్నా ప్రభువు వచ్చి, నిజాంకి చెప్పి, నిజాం దయతో ఇప్పించాలా? పన్నెండు ఊళ్ళు మావి అని భీం అడిగినప్పుడు తూటా, అదే మాట దొర ఇంగ్లీషులో టైపు చేస్తే పట్టా. నాకు మింగుడు పడనిది ఇదీ.

ఉట్నూరు_బస్సు
నీ మాటలో తప్పు లేదన్నా. మా దగ్గర కూడా ఇదే అంటారు, వేరే రకంగా. భీం చచ్చిపోతే హైమన్‌డార్ఫ్ వచ్చిండు అంటారు. అంటే భీం లేకపోతే ఆయన లేడు. ఇద్దరినీ కలిపే తలుస్తారు, ఒకరిని పెట్టి ఇంకొకరిని కొట్టరు. మీరు బయటోళ్ళే కొట్లాడుకుంటరు.

నాగోబా దర్బార్ తెలుసా మీకు? కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి మెస్రం వంశపు గోండుల జాతర. వాళ్ళు గోదావరి నీళ్ళకి హస్తినమడుగు దాకా నడిచే పోతరు, చెప్పుల్లేకుండ. ఆ జాతరలోనే దర్బార్ పెట్టాలని 1940ల్లో హైమన్‌డార్ఫే మొదలు పెట్టించిండు, జనం ఎట్లాగూ వస్తరు కాబట్టి అధికారులే అక్కడికి వచ్చి దరఖాస్తులు తీసుకోవాలని. ఇప్పటికీ ఏటా కలెక్టర్, మంత్రులు వస్తరు. దరఖాస్తులు తీసుకుంటరు. తీసుకోవడం మాత్రం గ్యారంటీ.

అడ్డంగా_అడుగుతా
హహ. ఆఖరి లైనుకి దండం.

పాత_పుస్తకం
కెరీర్ సంగతి పూర్తి చేస్తా, తమ్ముడు అడిగింది అదే కదా.

1944-45లో మధ్యలో ఆయన్ని బ్రిటిష్ ఇండియా సర్కారు సుబన్సిరి పంపింది, ఇప్పటి అరుణాచల్. శత్రువని అరెస్టు చేసినవాళ్ళే స్పెషల్ ఆఫీసర్‌ని చేసి సరిహద్దుకి పంపారు! అక్కడ అపాతానీల లోయ. చుట్టూ అడవి, మధ్యలో ఒక్క అంగుళం వదలకుండా కట్టుకున్న వరి మళ్ళు. ఆ అపాతానీల మీద, పక్కనుండే తెగల మీద తర్వాత పుస్తకాలు రాశాడు. మళ్ళీ హైదరాబాద్ వచ్చి సలహాదారు పని. గోండుల మీది పెద్ద పుస్తకం 1948లో వచ్చింది, అంటే పోలీసు చర్య జరిగిన ఏడాదే.

1949లో లండన్ వెళ్ళి అక్కడి స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరాడు. 1951లో ఆసియా ఆంత్రోపాలజీ ప్రొఫెసర్. ఆ డిపార్ట్‌మెంటు ఆయన కట్టిందే. 1953లో నేపాల్ తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటుంటే లోపలికి పోయిన తొలి విదేశీ ఆంత్రోపాలజిస్టుల్లో ఒకడు. షెర్పాల మీద పుస్తకం 1964. 1976లో రిటైర్. రాయల్ ఆంత్రోపలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కి అధ్యక్షుడు కూడా అయ్యాడు.

చూడు, నలభై ఏళ్ళలో కోన్యాకులు, చెంచులు, కొండరెడ్లు, గోండులు, అపాతానీలు, షెర్పాలు. మామూలుగా ఒక ఆంత్రోపాలజిస్టు ఒక తెగని పట్టుకుని దాని మీదే బతుకంతా గడుపుతాడు. ఈయనకి కాలు నిలవలేదు. అందుకే విమర్శ కూడా ఉంది, చూసింది చక్కగా రాస్తాడు కానీ సిద్ధాంతం ఏదీ అని. ఇవాన్స్ ప్రిచార్డ్, లీచ్ లాంటి ఆంత్రోపాలజిస్టుల పేరు చెప్తే ఒక వాదన గుర్తొస్తుంది, ఈయన పేరు చెప్తే ఊళ్ళు గుర్తొస్తాయి. నా మటుకు నాకు అది లోటు కాదు. వాదనలకి వయసు మీద పడుతుంది, ఆ సగాల పట్టికలూ, గోండుల కథలు పాడే ప్రధానుల పాటలూ అలానే ఉంటాయి.

గోదారి_గట్టు
దీంతో నేను ఏకీభవించను. సిద్ధాంతం లేకపోతే ఏది రాయాలో ఏది వదలాలో ఎవరు చెప్తారు? చూసిందంతా రాశాడనుకుంటాం, కానీ ఆయనకి నచ్చే తెగ ఒకటుంటుంది, స్వచ్ఛమైన, బయటి గాలి సోకని తెగ. బయటినుంచి వచ్చినవాళ్ళందరూ చెడగొట్టేవాళ్ళే ఆయనకి. సోషియాలజిస్టు ఘుర్యే అన్నాడు కదా 1943లోనే, వీళ్ళు వేరే జాతులు కాదు, వెనకబడ్డ హిందువులు, కలిసిపోనివ్వండి అని. ఘుర్యేతో నేను ఏకీభవిస్తున్నానని కాదు, అసలు ఆ గొడవ హైమన్‌డార్ఫ్ ఎందుకు సీరియస్‌గా తీసుకోలేదు అనేది నా ప్రశ్న. ఆదివాసుల మీద పనిచేసిన ఇంకో ఆంత్రోపాలజిస్టు ఎల్విన్ కనీసం కొట్లాడాడు.

పాత_పుస్తకం
తీసుకోలేదనలేం. ఆయన జవాబు భూమి రూపంలో ఉంది. కలిసిపోవాలా విడిగా ఉండాలా అనేది చేతిలో భూమి ఉన్నవాడు నిమ్మళంగా ఆలోచించుకునే విషయం, ముందు ఆ భూమి పోకుండా చూడండి అన్నాడు. 1359 ఫస్లీలో, అంటే 1949లో, హైదరాబాద్ ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ వచ్చింది ఆ ఆలోచనలోంచే. తర్వాత 1959 భూ బదలాయింపు చట్టం, అది 1963లో తెలంగాణకి వర్తించడం, 1970లో వన్ ఆఫ్ సెవెంటీ, ఇవన్నీ ఒకే బండి జాడ. గిరిజనేతరులు ఏజెన్సీలో భూమి కొనకూడదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గరైనా సరే.

బయటివాళ్ళందరినీ ఒకే గాటన కట్టాడన్నది మాత్రం ఒప్పుకుంటా.

రిటైర్డ్_మాస్టారు
రిటైరయ్యాక ఆయన ఏం చేశాడో ఎవరూ రాయలేదు. నాకు అదే ముఖ్యం. 1976 తర్వాత, అరవై ఏడేళ్ళ వయసులో, భార్యాభర్తలిద్దరూ మళ్ళీ ఆదిలాబాద్ వచ్చారు. తను పట్టాలిప్పించిన ఊళ్ళకే పోయి, ఏమయ్యాయో చూశాడు. చాలా చోట్ల పోయాయి. చట్టం ఉంది, భూమి లేదు. అదంతా 1982లో పుస్తకంగా వేశాడు, మైకేల్ యార్క్ అనే కుర్ర ఆంత్రోపాలజిస్టు రాసిన భాగం కూడా ఉంది అందులో. తన పని ఎక్కడెక్కడ నీరుగారిపోయిందో తనే ఊళ్ళ పేర్లతో సహా రాసుకోవడం చిన్న విషయం కాదు. ఎవరైనా తమ విజయాల గురించి రాసుకుంటారు.

ఆ రోజులు ఎలాంటివో తెలియాలంటే ఒక్క మాట చాలు, 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి కాల్పులు. భూముల సభకి వచ్చిన గోండుల మీద. సర్కారు లెక్క పదమూడు మంది. ఊళ్ళ లెక్క వేరు.

నల్లమల_పిల్ల
ఇంత మాట్లాడుకున్నాం, బెట్టీ గురించి ఒక్కరూ రాయలేదు. ఊళ్ళో రెండు సమాధులున్నాయి కదా, మొదటిది ఆవిడదే.

ఆవిడ ఊరికే వెంట వచ్చిన భార్య కాదు. ఫీల్డ్‌లో పక్కనే ఉంది, మగవాడికి చెప్పని మాటలు ఆడవాళ్ళు ఆవిడకి చెప్పి ఉంటారు, అది ఎవరైనా ఫీల్డ్‌కి వెళ్ళినవాళ్ళకి తెలిసేదే. దక్షిణాసియా ఆంత్రోపాలజీ మీద ఏమేం అచ్చయ్యాయో ఏరి 1958లో పెద్ద గ్రంథసూచి తయారు చేసింది ఆవిడే, కంప్యూటర్ లేని రోజుల్లో. రీసెర్చ్ చేసేవాళ్ళకి తెలుస్తుంది ఆ చాకిరీ ఎంతో. పుస్తకాల అట్టల మీద మాత్రం ఎక్కువగా ఒక్క పేరే ఉంటుంది.

1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోయింది. మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు, 2012లో వాళ్ళబ్బాయి అస్థికలు తెచ్చి అమ్మ పక్కనే పెట్టించాడు. అంటే పాతికేళ్ళు ఆ ఊళ్ళో ఆవిడ ఒక్కతే ఉంది. ఏటా జనవరి 11న అక్కడ జరిగే వర్ధంతి కూడా ఆవిడ తేదీయే, అందరూ హైమన్‌డార్ఫ్ వర్ధంతి అంటారు కానీ!

ఎమ్మే_ఫైనల్
అక్కా, ఇది నాకు తట్టనే లేదు. నేను ఫోటో తీసింది కూడా ఆయన సమాధికి ఎదురుగా నిలబడి. ఆవిడది సగం పడింది ఫ్రేములో.

ఉట్నూరు_బస్సు
మార్లవాయి అంటే ఇంకొకరిని కూడా యాది చేసుకోవాలె. గుస్సాడీ కనకరాజు గారు ఆ ఊరి మనిషే. 2021లో పద్మశ్రీ. 2024లో పోయిండు. దీపావళికి మా గోండుల దండారి ఆట చూసినోళ్ళకి తెలుస్తది, నెమలి ఈకల టోపీ పెట్టుకుని గుస్సాడీ దిగితే ఎట్లుంటదో.

అడ్డంగా_అడుగుతా
తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. పీహెచ్‌డీ చేయాలా వద్దా. నేను చేశాను, ఆంత్రోపాలజీ కాదు, సోషియాలజీలో. నా అనుభవం చెప్తా. మాకు ఫీల్డ్‌వర్క్‌కి ఇచ్చింది ఇరవై రోజులు, అందులో రానూ పోనూ నాలుగు. ప్రశ్నల కాగితం ముందే గైడు ఆమోదించాలి. ఊళ్ళో కూర్చుని కాగితం చూసి అడుగుతుంటే ఒక అవ్వ "నువ్వు అడిగేది ఆ కాయిదం కోసమా, నా కోసమా" అంది. ఆవిడకి జవాబు చెప్పలేకపోయాను. థీసిస్ వచ్చింది, ఉద్యోగం రావడానికి ఆరేళ్ళు పట్టింది, అదీ గెస్ట్ ఫ్యాకల్టీ, గంటకింత అని. హైమన్‌డార్ఫ్‌కి ఫెలోషిప్ ఉంది, తెలిసిన దొరలున్నారు, చదువుకున్న భార్య ఉంది, వీటన్నిటికీ తోడు ఎటూ పోలేని షరతు ఉంది కాబట్టి ఏళ్ళకేళ్ళు కదలకుండా ఉండగలిగాడు. నీకు ఆ నాలుగూ లేవు. చూసుకుని దిగు.

పాత_పుస్తకం
ఇంత నిరుత్సాహపరచకు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన అలన్ మాక్‌ఫర్లేన్ నేపాల్ గురుంగుల మీద పని చేశాడు, తర్వాత కేంబ్రిడ్జ్‌లో పెద్ద ప్రొఫెసరై, నాగా ఫోటోలూ ఫిల్ములూ అందరికీ అందేలా చేయడంలో ముందున్నాడు. హైమన్‌డార్ఫ్ తీసినవి వేల ఫోటోలు, ఎన్నో గంటల ఫిల్ము లండన్‌లో ఆయన పనిచేసిన చోటే ఉన్నాయి. తమ్ముడూ, థీసిస్ టాపిక్ కావాలంటే నా సలహా ఒకటుంది. ఆ ఫోటోలు ఇక్కడి ఊళ్ళకి తెచ్చి, ఎవరెవరో గుర్తు పట్టించు. చాలా వాటి కింద ఊరి పేరు, ఏడాది ఉంటుంది, మనిషి పేరు ఉండదు. గుర్తు పట్టగలిగే ముసలాళ్ళు ఇంకా ఎన్నేళ్ళు ఉంటారు?

రిటైర్డ్_మాస్టారు
ఇది మంచి మాట. చేస్తానంటే నేను తోడు వస్తాను, మోకాళ్ళ నొప్పులున్నా ఆటోలో వస్తా. ప్రధానుల ఇళ్ళకి ముందు పోదాం, కింగ్రి అనే తీగ వాయిద్యం వాయించి కథలు చెప్పేవాళ్ళకి ఎవరి తాత ఎవరో నోటికి ఉంటుంది.

ఎమ్మే_ఫైనల్
మాస్టారూ, నిజంగా అంటున్నారా? గైడుని అడుగుతా. ఒప్పుకోకపోయినా జనవరిలో మాత్రం వస్తా. 11న అక్కడికి రావాలంటే బస్సు ఎలా?

ఉట్నూరు_బస్సు
ఉట్నూరు దాకా రా, అక్కడినుంచి జైనూర్ బస్సు ఎక్కు. ఆ రోజు జనం ఉంటరు, పొద్దున్నే బయల్దేరు. ఫోటోలు ఫోన్‌లో తెస్తే లాభం లేదు, ముసలోళ్ళకి కండ్లు ఆనవు. పెద్దగా ప్రింటు తీసి పట్టుకురా.